ఒక్క సిలిండర్ పాత జపాన్ బండి: నడపడానికి ఏది, దాచుకోవడానికి ఏది?

కొత్తగా_పాతబండి (ఖమ్మం / హైదరాబాద్)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడి పోస్టులన్నీ చదువుతున్నా, రాయడం మాత్రం ఇదే మొదలు. ఒక పాత జపాన్ బండి కొందామని గట్టిగా అనుకున్నాను. ఒకటే సిలిండర్ ఉండాలి, రెండు కార్బురేటర్లు సరిచేయించుకునే ఓపిక నాకు లేదు. ఆదివారం పొద్దున్నే వికారాబాద్ దగ్గరి అనంతగిరి దాకా వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలి, తోసుకుంటూ కాదు. పదేళ్ల తర్వాత అమ్మాల్సి వచ్చినా పెట్టిన డబ్బు మునగకూడదు.

ఇప్పటికి మూడు చూశాను. 1989 యమహా ఆర్‌ఎక్స్ 100, లక్షా ముప్పై వేలు చెబుతున్నాడు. కవాసాకి బజాజ్ కేబీ 100 ఆర్‌టీజెడ్, కొత్తగా రంగు కొట్టారు, 45 వేలు. హీరో హోండా సీడీ 100, 28 వేలు. మనసు ఆర్‌ఎక్స్ మీదే ఉంది, దాపరికం ఎందుకు. జేబు మాత్రం ఇంకోటి అంటోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_సీను (విజయవాడ)

ధర చెప్పావు, ఆర్‌సీ సంగతి చెప్పలేదు. ఏ రాష్ట్రం నంబరు? ఎన్నో ఓనరు? ఇంజిన్ గురించి తర్వాత మాట్లాడుకుందాం తమ్ముడూ.

రొటరీరావు (రాజమండ్రి)

నలభై అయిదు వేలకి ఆర్‌టీజెడ్ దొరుకుతుంటే ఇంకా ఆలోచనా? నా పక్షపాతం ముందే ఒప్పుకుంటున్నాను. 1994 నుంచి మా ఇంట్లో కేబీ ఉంది.

ఆర్‌ఎక్స్‌కీ కేబీకీ అసలు తేడా పెట్రోలు, గాలి కలిసి ఇంజిన్ లోపలికి వెళ్లే దారిలో ఉంది. ఆర్‌ఎక్స్‌లో రీడ్ వాల్వ్. సన్నటి రేకులు, ఇంజిన్ పీల్చినప్పుడు తెరుచుకుంటాయి, వదిలినప్పుడు మూసుకుంటాయి. కేబీలో రొటరీ వాల్వ్. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర ఒక పల్చటి బిళ్ల తిరుగుతుంటుంది. బిళ్ల అంచున ఒకచోట కోత. ఆ కోత దారికి ఎదురుగా వచ్చినంతసేపే లోపలికి ప్రవేశం. రేకుల మాదిరి గాలివాటం కాదు, గడియారం మాదిరి లెక్క. అందుకే మూడో గేరులో ఇరవైకి పడిపోయినా దగ్గకుండా లాగుతుంది. మా ఊళ్లో సంత రోజున దీని విలువ తెలుస్తుంది.

ఇబ్బంది కూడా చెప్పాలి కదా. కార్బురేటర్ సిలిండర్ వెనకాల కనబడదు, కుడివైపు ఇంజిన్ కవర్ లోపల దాక్కుని ఉంటుంది. జెట్టు (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం ఉన్న ముక్క) తీయాలంటే కవర్ విప్పాలి, కేబుల్ దూరే చోట రబ్బరు ఎండిపోయి ఉంటే వానాకాలం లోపల చెమ్మ చేరుతుంది. ఈ ఇంజిన్ తెలియని మెకానిక్ ముందు సిలిండర్ వెనక వెతుకుతాడు, తర్వాత మన మొహం చూస్తాడు.

ఘాట్‌రోడ్_గణేష్ (విశాఖ)

రావు గారూ, నిజమే కానీ అరవై దాటాక మీ కేబీ ఆర్‌ఎక్స్ వెనక పొగ వాసన చూడాల్సిందే 😀

రొటరీరావు

అరవై దాటాల్సిన అవసరం నాకు 1998లోనే తీరిపోయింది బాబూ. పెళ్లయింది.

సీడీ_సుజాత (గుంటూరు)

మూడో బండి సంగతి ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి నేనే ఎత్తుతాను. నాది 1987 సీడీ 100. రోజూ కాలేజీకి పోనూ రానూ 28 కిలోమీటర్లు దాని మీదే. ఫోర్ స్ట్రోక్, 97.2 సీసీ, బోర్ (సిలిండర్ వెడల్పు) 50, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 49.5 మిల్లీమీటర్లు. ఈ కొలతలు ఎందుకు చెబుతున్నానంటే, 1994లో వచ్చిన స్ప్లెండర్‌కీ అవే. అంటే పిస్టన్, రింగులు, వాల్వులు మండల కేంద్రంలో ఏ షాపులో అడిగినా ఇస్తారు. ఇంత పాత జపాన్ బండికి ఇంజిన్ సామాన్లు కిరాణా కొట్టు దూరంలో దొరకడం ఇంకెక్కడుంది?

ఎక్కగానే గుండె ఝల్లుమనదు, అది నేనూ ఒప్పుకుంటాను. ఎదురుగాలి వస్తే డెబ్బై దగ్గర సణుగుతుంది. కానీ మీరు రాసిన రెండో షరతు, అదే మధ్యాహ్నం భోజనం షరతు, దానికి కళ్లు మూసుకుని మార్కులు వేసే బండి ఇదే.

దాచుకోవడం దగ్గరే చిక్కు. ఇంజిన్ సామాను దొరుకుతుంది, ఒంటి సామాను దొరకదు. అప్పటి సైడ్ ప్యానెళ్లు, గొలుసు మీద కప్పే నిండు చైన్ కేసు, ట్యాంకు మీద స్టిక్కరు, అసలు మీటరు. చైన్ కేసు శబ్దం చేస్తోందని సగంమంది పీకి పారేశారు. నాకు ఒకటి దొరకడానికి పధ్నాలుగు నెలలు పట్టింది, అది కూడా ఎర్రగడ్డ ఆదివారం సంతలో, ప్రెషర్ కుక్కర్ మూతల కింద.

కొత్తగా_పాతబండి

సీను అన్నా, ఆర్‌సీ వేరే రాష్ట్రంది, అక్కడి నుంచి ఎన్‌ఓసీ మీద ఇక్కడికి తెచ్చారట. నాలుగో ఓనరు. ఇంజిన్ "సీల్డ్, ఇప్పటిదాకా విప్పలేదు" అంటున్నాడు.

ఆటోనగర్_సీను

ముప్పై అయిదేళ్ల టూ స్ట్రోక్, విప్పలేదట. బాగుంది.

చూడు, ఆర్‌ఎక్స్ ఇంజిన్ దాచుకునేది ఏమీ లేదు. 98 సీసీ, బోర్ 50, స్ట్రోక్ 50, నాలుగు గేర్లు, 11 హార్స్‌పవర్. బండి బరువు సుమారు వంద కిలోలు. ఆ 11, ఆ వంద కలిస్తేనే ఆ పిచ్చి. హెడ్డు మీద నాలుగు నట్లు విప్పితే పిస్టన్ తల కనబడుతుంది, పది నిమిషాల పని. పిస్టన్ తల మీద అంకె కొట్టి ఉంటుంది. 25 అంటే ఒకసారి బోరు కొట్టించారు (అరిగిన సిలిండర్‌ని కాస్త వెడల్పు చేయించారు), 50 అంటే రెండోసారి. 100 కనబడితే ఆ సిలిండర్‌కి అదే ఆఖరి పిస్టన్ అనుకో, తర్వాత స్లీవు (సిలిండర్ లోపల కొత్త గొట్టం) వేయించాలి. అంకె ఏమీ లేకపోతే అమ్మేవాడికి నా తరఫున క్షమాపణ చెప్పు.

హెడ్డు విప్పనివ్వకపోతే కొనకు. మా నాన్న లేతు మీద కూర్చుని ముప్పై ఏళ్లు ఈ సిలిండర్లే బోరు కొట్టాడు, ఆయనకి ఒక్క అలవాటు ఉండేది. బండి స్టార్ట్ చేయమనేవాడు కాదు. కిక్కు మీద చేత్తో మెల్లగా అదిమి, వదిలి, మళ్లీ అదిమేవాడు. రింగులు పట్టుంటే కిక్కు చేతిని వెనక్కి నెడుతుంది, పోతే నీళ్లలో చెయ్యి పెట్టినట్టు దిగిపోతుంది.

ఆర్‌ఎక్స్ 1985 చివర్లో వచ్చింది, 1996లో ఆపేశారు. మొదటి బండ్లకు భాగాలు జపాన్ నుంచే వచ్చాయి, ఇక్కడ ఎస్కార్ట్స్ వాళ్లు బిగించారు. అందుకే పాత మోడల్ అంటే పైసలు ఎక్కువ. ఇప్పుడు "ఒరిజినల్" అని అమ్మే వాటిలో ట్యాంకు ఒక బండిది, ఇంజిన్ ఇంకో బండిది, సైలెన్సర్ మొన్న తయారైంది. నడపడానికైతే అభ్యంతరం లేదు. లక్షా ముప్పైకైతే ఉంది.

సింగిల్_శాస్త్రి (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

ఇక్కడి నుంచి ఒక మాట. నేను గుడివాడలో కాలేజీ రోజుల్లో ఆర్‌ఎక్స్ నడిపాను, ఇప్పుడు గరాజ్‌లో 1979 ఎస్‌ఆర్ 500 ఉంది. అదే కంపెనీ, అదే ఒక్క సిలిండర్, కానీ రెండింటికీ చుట్టరికం కూడా లేదు. 499 సీసీ ఫోర్ స్ట్రోక్, సెల్ఫ్ స్టార్ట్ లేదు.

దాన్ని స్టార్ట్ చేయడం ఒక పూజ. ఎడమ చేతి దగ్గర చిన్న లివర్ ఉంటుంది, అది నొక్కితే వాల్వు కాస్త తెరుచుకుని లోపలి ఒత్తిడి పోతుంది. లివర్ నొక్కి పట్టుకుని కిక్కు మెల్లగా కిందికి దించుతూ హెడ్డు కుడివైపు ఉన్న చిన్న అద్దంలోకి చూడాలి. అందులో వెండి రంగు గుర్తు కనబడగానే ఆపి, లివర్ వదిలి, కిక్కు పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క తన్ను. చివరిదాకా తన్నాలి, సగంలో జంకకూడదు, యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు. కొన్న మొదటి వారం ఆఫీసు పార్కింగ్‌లో ఇరవై తన్నుల తర్వాత మా మేనేజరు వచ్చి కారులో దింపనా అని అడిగాడు. ఇప్పుడు రెండో తన్నుకి పలుకుతుంది. బండి మారలేదు, నేనే మారాను.

అమెరికాలో దీన్ని 1978 నుంచి 1981 దాకానే అమ్మారు. అయినా సామాన్లకు కొరత లేదు. జపాన్‌లో దీని తమ్ముడు ఎస్‌ఆర్ 400 మొన్న 2021 దాకా తయారైంది మరి. అక్కడ 400 సీసీ దాటితే పెద్ద లైసెన్సు కావాలి, అందుకే బోరు అలాగే ఉంచి స్ట్రోకు 84 నుంచి 67.2 మిల్లీమీటర్లకు తగ్గించారు.

దాచుకునేవాళ్లు మాత్రం ఎస్‌ఆర్ కంటే దాని అన్న ఎక్స్‌టీ 500 వెంట పడతారు. 1979లో మొదటి పారిస్–డకార్ పందెం గెలిచిన సిరిల్ నెవూ ఎక్కింది అదే. ఇక హోండా జీబీ 500 కథ వింత. 1989, 90లో ఇక్కడికి తెస్తే, ఇదేదో ముసలి ఇంగ్లిష్ బండిలా ఉందని ఎవరూ పెద్దగా కొనలేదు. అప్పుడు వద్దన్నవాళ్లే ఇప్పుడు వెతుక్కుంటున్నారు.

రొటరీరావు

శాస్త్రి గారూ, ఆ అద్దం లోపల గుర్తు సంగతి చదివి మా ఆవిడకి వినిపించాను. "మీ బండికి అది లేకపోవడం మన అదృష్టం" అంది.

హైదరాబాదీ_ఆర్డీ

ఇన్ని మాటలు ఎందుకు భాయ్, రాజ్‌దూత్ 350 తీసుకో, జిందగీ సెట్.

మోడరేటర్

రెండు సిలిండర్లు. వేరే చర్చలోకి వెళ్లండి.

సీడీ_సుజాత

ఇంకొక విషయం, "వింటేజ్" అనే మాట గురించి. అమ్మేవాళ్లందరూ ప్రకటనలో ఆ మాట పెడుతున్నారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండే వింటేజ్. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మొట్టమొదటి ఆర్‌ఎక్స్ కూడా 2035 దాకా ఆ లెక్కలోకి రాదు. వచ్చాక రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కానీ అసలు తిరకాసు, ఆ నంబరు వేశాక రోజూ నడపడానికి వీల్లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలు కొట్టించడానికో అంతే.

అప్పటిదాకా మన బండ్లు మామూలు పాత బండ్లే. పదిహేనేళ్లు దాటాక అయిదేళ్లకోసారి రెన్యువల్. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన టూ వీలర్‌కి ఆ ఫీజు 2,000 చేశారు. కొనే ముందు ఆర్‌సీ ఇంకా బతికి ఉందో లేదో చూడండి. చనిపోయిన ఆర్‌సీని లేపడం కంటే పోయిన ఇంజిన్‌ని లేపడం తేలిక.

ఘాట్‌రోడ్_గణేష్

నడపడం గురించి అడిగారు కాబట్టి ఆయిల్ మాట కూడా చెప్పేస్తాను. ఆర్‌ఎక్స్‌కి ఆయిల్ పంపు విడిగా ఉంటుంది, 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ లోపల భాగాలు అరగకుండా పెట్రోలుతో పాటు వెళ్లే ఆయిల్) దాని ట్యాంకులోనే పోయాలి. చాలామంది మెకానిక్కులు "పంపు ఎప్పుడు చస్తుందో తెలియదు" అని దాన్ని పీకేసి, పెట్రోల్లోనే లీటరుకి 20 మిల్లీలీటర్లు కలుపుకోమంటారు. ఊళ్లో తిరగడానికి ఫరవాలేదు. అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగేటప్పుడు తేడా తెలుస్తుంది. యాక్సిలరేటర్ మూసి గేరు మీద దిగుతుంటే పెట్రోలు లోపలికి పోదు, పెట్రోలుతో కలిసిన ఆయిలూ పోదు, ఇంజిన్ మాత్రం గిర్రున తిరుగుతుంటుంది. 2009లో నా ఇంజిన్ అలాగే పట్టేసింది, మలుపులో వెనక చక్రం బిగుసుకుపోయింది. మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. పంపు ఉంటే ఇంజిన్ తిరిగినంతసేపూ కాస్తో కూస్తో ఆయిల్ పడుతూనే ఉంటుంది. పంపు పీకేసిన బండి అయితే దిగుడులో క్లచ్ పట్టుకుని మధ్యమధ్యలో ఒకసారి రైజ్ చేయండి.

ఆటోనగర్_సీను

గణేష్ చెప్పింది వంద శాతం కరెక్ట్. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు. అది గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది. రెండు నెలలు కదలకుండా పెట్టిన బండి కార్బురేటర్ విప్పితే అడుగున తెల్లటి పొడి, ఉబ్బిన రబ్బర్లు. దాచుకునే బండి ఏదైనా సరే, ఆపే ముందు ట్యాంకు కింది పెట్రోలు కాక్ మూసి, కార్బురేటర్‌లో ఉన్న పెట్రోలు అయిపోయి ఇంజిన్ దానంతటది ఆగేదాకా వదిలేయండి.

కొత్తగా_పాతబండి (పది రోజుల తర్వాత)

ఆర్‌ఎక్స్ చూడ్డానికి మళ్లీ వెళ్లాను. హెడ్డు విప్పనివ్వలేదు, "గాస్కెట్ దొరకదు" అన్నాడు. సుజాత గారి మాట గుర్తొచ్చి ఆర్‌సీ చూశాను, గడువు ఉంది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తెచ్చాను. ఫోటో పెడుతున్నాను. అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చేశాను, అది కూడా చెప్పాలి.

ఆటోనగర్_సీను

ఫోటో పెద్దది చేసి చూశాను. చివరి నాలుగు అంకెలు మిగతా వాటికంటే లోతుగా ఉన్నాయి, 8 పక్కకి ఒరిగింది. అదీ సరే అనుకుందాం. అంకెల చుట్టూ పెన్సిల్‌లో సన్నగా ఒకే వాటంగా గీతలు పడ్డాయి చూడు. అవి రంగు గీతలు కావు. గ్రైండర్ గీతలు. అక్కడ ముందు ఇంకేదో నంబరు ఉండేది.

అయిదు వేలు మర్చిపో తమ్ముడూ.

కొత్తగా_పాతబండి

రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున ఫోన్ చేస్తే "పాత బండ్లన్నీ అంతే, నీకు తెలియక" అన్నాడు. అడ్వాన్సు రాలేదు. కేబీ వాడికి ఫోన్ చేస్తే అమ్ముడుపోయింది.

రొటరీరావు

చెప్పానా.

(సారీ. ఇప్పుడు అనాల్సిన మాట కాదు.)

ఘాట్‌రోడ్_గణేష్

మాకు తెలిసిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన భీమిలిలో ఉన్నారు. 1996 సుజుకి షోగన్, ఏపీ 31 నంబరు, మొదటి ఓనరు ఆయనే. మోకాళ్ల నొప్పులకి అమ్మేస్తున్నారు. 38 వేలు చెప్పారు. 108 సీసీ, 14 హార్స్‌పవర్, అంటే ఆర్‌ఎక్స్ కంటే మూడు ఎక్కువ. సౌండ్ కూడా... ఊరుకుంటాను, కొట్లాట మొదలవుతుంది.

రొటరీరావు

షోగన్ జపాన్ బండి ఎలా అవుతుంది? హోసూరులో పుట్టింది కదా.

ఘాట్‌రోడ్_గణేష్

మరి మీ కేబీ ఒసాకాలో పుట్టిందా?

మోడరేటర్

టీవీఎస్, సుజుకి కలిసి ఉన్నంతకాలం వచ్చినవన్నీ ఇక్కడ జపాన్ బండ్లే. 2001లో విడిపోయాక వచ్చినవి కావు. ఇంతటితో ఆపండి.

సీడీ_సుజాత

మొదటి ఓనరు, సొంత రాష్ట్రం నంబరు, అన్నీ ఆయన సంతకాలే. ఇంజిన్ ఎలా ఉన్నా ముందు అదే చూడండి. ఆంధ్రా నంబరు తెలంగాణకి మార్చాలంటే ఎన్‌ఓసీ కావాలి. ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి, ఎంత మంచి మాస్టారైనా సరే. ధర దగ్గర ఒకటి గుర్తుంచుకోండి, షోగన్‌కి ఆర్‌ఎక్స్ అంత పేరు లేదు. పదేళ్లకి రెట్టింపవుతుందని కొనకండి. 38 వేలకి మాత్రం మునగరు.

కొత్తగా_పాతబండి (అయిదు వారాల తర్వాత)

కొన్నాను. 35కి ఇచ్చారు. హెడ్డు విప్పుతానంటే మాస్టారే స్పానర్ తెచ్చిచ్చారు. పిస్టన్ మీద 50 ఉంది. సర్వీసు చేయించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు రాసిన నోటుబుక్కు ఒకటి బండితో పాటే ఇచ్చారు, మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో స్వస్తిక్. రెండో బోరు ఏ రోజు చేయించారో, ఎంతయిందో కూడా అందులో ఉంది.

నడుపుకుంటూ వచ్చేస్తానంటే గణేష్ అన్న తిట్టి రైలు పార్సిల్ చేయించాడు. పెట్రోలు మొత్తం తీసేసి, గోనెసంచులు చుట్టి, హ్యాండిల్‌కి గడ్డి కట్టారు. సికింద్రాబాద్‌లో దింపుకునేసరికి ఒక్క అద్దం పగిలింది, అంతే.

నిన్న అనంతగిరి వెళ్లి ఒంటిగంటన్నరకి ఇంటికి వచ్చాను. ఒక్క సమస్య. వికారాబాద్ దాటాక ఇంజిన్ బాగా వేడెక్కి, యాక్సిలరేటర్ వదిలినా ఐడ్లింగ్ దానంతటదే పెరిగిపోతోంది. స్క్రూ తగ్గిస్తే చల్లగా ఉన్నప్పుడు ఆగిపోతోంది. ప్లగ్గు కొస తెల్లగా ఉంది.

ఆటోనగర్_సీను

కార్బురేటర్ ముట్టుకోకు. ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది, అందుకే ప్లగ్గు తెల్లబడింది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ మండి తెల్ల పొగ దంచుతుంది. పొగ లేదంటే అవతలి వైపు, మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వెనకాల క్రాంక్ సీలు, అంటే గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగు, దాని మీద నాకు అనుమానం. ముప్పై ఏళ్ల రబ్బరు, ఎండిపోయి ఉంటుంది. ఇలాగే నడిపితే పిస్టన్‌కి చిల్లు పడుతుంది, అది సరిచేసేదాకా బండి తీయకు. మాగ్నెట్ కవర్ విప్పి లోపల తడి ఉందేమో చూడు.

కొత్తగా_పాతబండి

విప్పాను. కింది భాగం తడిగా ఉంది, 2టీ వాసన వస్తోంది. పక్క వీధి మెకానిక్ పుల్లర్ పెట్టి మాగ్నెట్ తీసి, సీలు కూడా పీకి ఇచ్చాడు. దాని లోపలి అంచంతా పగుళ్లు. షాపువాడు సైజు అడుగుతున్నాడు, సీలు మీద ఏవో అంకెలు ఉన్నాయి కానీ జిడ్డులో కనబడటం లేదు.

ఆటోనగర్_సీను

మూడు అంకెలు ఉంటాయి. లోపలి కొలత, బయటి కొలత, మందం. పెట్రోలుతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దు. ఆ పని నీకు వచ్చుగా. ఫోటో పెట్టు, షాపు మూసేలోపు చెబుతాను.